కింద గొంతు గ్రేసమ్మ

ప్రొద్దుటూరులో మా వీధి చివర ఒక ప్రార్థన మందిరం ఉంది. ఆదివారం పొద్దున నేను దోసెలు పోస్తుండగా దాని మైకు మొదలవుతుంది. కీబోర్డు, డోలు, చప్పట్లు, వాటి మీద యాభై అరవై మంది గొంతులు. పిల్లలు హుషారుగా పాడతారు, కాదనను. మొన్న ఆదివారం పెనం మీద దోసె అంచులు లేస్తుండగా అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా చెవి పాటను వదిలేసి, పాట కింద ఎవరున్నారా అని వెతుకుతోంది. ఎవరూ లేరు. అందరిదీ ఒకే రాగం, ఒకే ఎత్తు. దోసె మాడింది. "ఏందత్తా, పొయ్యి కాడ్నే ఉండి వాసన గూడా తెలీలేదా" అంటూ మా కోడలు వచ్చి స్టవ్ కట్టేసింది. నా చెవులను ఇలా చేసింది గ్రేసమ్మ అంటే, ఆ గ్రేసమ్మ ఎవరని అడుగుతుంది. ఆ సంగతి ఒక దోసె కాలేంతలో చెప్పేది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో నాకు జమ్మలమడుగులో ఆడపిల్లల బడిలో ఉద్యోగం వచ్చింది. మాది పులివెందుల. నాన్న కోర్టులో గుమాస్తాగా ఉంటూనే పోయాడు. ఇరవై రెండేళ్ళ నేనూ, మా అమ్మా, రెండు ట్రంకు పెట్టెలతో బస్సు దిగి, మిషన్ ఆసుపత్రి ప్రహరీ వెనక సందులో ఒక వాటా అద్దెకు తీసుకున్నాం. పక్క వాటాలో గ్రేసమ్మ ఉండేది. ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డులో ఆయా. నలభైకి దగ్గర పడిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉండేది. చేతులు ఎప్పుడూ సబ్బు వాసన వేసేవి. పెళ్ళి చేసుకోలేదు. మా అమ్మ మడీ ఆచారమూ చూసి, గడప అవతలే ఆగి మాట్లాడేది. అందుకు నొచ్చుకున్నట్టు ఒక్కనాడూ కనిపించలేదు. ఆ గడప వాళ్ళిద్దరి కంటే నన్నే ఎక్కువ ఇబ్బంది పెట్టేది.

అసలు ఇబ్బంది గడపతో కాదు, ఆమె కూనిరాగంతో. గ్రేసమ్మ ఇంట్లో ఉన్నంతసేపూ ఏదో ఒకటి పాడుతూనే ఉండేది. బియ్యం ఏరేటప్పుడు, బట్టలు జాడించేటప్పుడు, తల దువ్వుకునేటప్పుడు. పాటంటే పాట కాదది. గొంతు ఒకచోట నిలబడుతుంది, అక్కడే కాసేపు తచ్చాడుతుంది, ఒక మెట్టు దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది, ఇక కదలదు. తలా లేదు, తోకా లేదు. నేనేమో కోపిష్టిదాన్ని. నోట్సులు దిద్దుకుంటుంటే ఆ గొణుగుడు నా తలలో దూరి కూర్చునేది. మూడు వారాలు ఓర్చుకున్నాను. నాలుగో వారం గోడ మీదుగా అడిగేశాను.

"గ్రేసక్కా, ఏమనుకోవద్దు. నువ్వు పాడే పాటకు రాగమంటూ ఏమన్నా ఉండాదా?"

ఆమె చేతిలోని చేట పక్కన పెట్టి, నవ్వకుండా నా వైపు చూసింది. "ఉండాది పంతులమ్మా. అది నా కాడ ల్యా. వేరేవాళ్ళ కాడుండాది. శనివారం పొద్దుగూకే యాళకు చర్చి కాడికి రా, ఇందువు."

నేను దేవుళ్ళు మారే రకం కాదు, మా అమ్మ అసలే కాదు. అయినా ఆ మాట మనసులో గుచ్చుకుంది. రాగం వేరేవాళ్ళ దగ్గర ఉండడమేమిటి? శనివారం బజారుకని చెప్పి వెళ్ళాను. చర్చి దగ్గర చూసిందేమిటంటే, నలుగురైదుగురు నర్సులు లోపల పాడుతున్నారు. వెనక బావి దగ్గర గ్రేసమ్మా, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళూ వేరే ఏదో పాడుతున్నారు. మగవాళ్ళు రెండు గుంపులుగా, ఒక గుంపు వడ్రంగి కొట్టంలో, ఒక గుంపు గేటు దగ్గర. ఎవరిది వాళ్ళదే. వీళ్ళ మధ్య ఒక ముసలాయన చేతికర్రతో ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు తిరుగుతున్నాడు. ఆయన దావీదయ్య. పగలు ఆసుపత్రికి చంకకర్రలు, కట్లకు పట్టే చెక్కలు చేసే వడ్రంగి. సాయంత్రం పాటల మాస్టరు. చిన్నతనంలో ఎవరో దొరసాని దగ్గర నాలుగు గొంతుల పాట నేర్చుకున్నాడట. స్వరాలన్నీ తెలుగు అక్షరాల్లో పలక మీద రాసి, చదువు రానివాళ్ళ చేత కూడా వల్లె వేయించేవాడు.

నేను తలుపు బయట నిలబడి ఉంటే ఆయన చూశాడు. "ఏమ్మా, ఆడనే నిలబడితివే? బయట సగమే ఇనపడతాది" అని లోపలికి పిలిచి, మూడో బల్ల మీద సరిగ్గా నడిమధ్యలో కూర్చోబెట్టాడు. తర్వాత అందరినీ పిలిచాడు. పదహారు మంది నాకు నాలుగు వైపులా నిలబడ్డారు. ఆయన చెయ్యెత్తాడు. పదహారు మందీ ఒక్కసారిగా ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. 

తర్వాత జరిగింది చెప్పడానికి అరవై ఏళ్ళుగా మాటలు వెతుక్కుంటూనే ఉన్నాను. నేను భజనలు విన్నాను, హరికథలు విన్నాను, పెళ్ళిళ్ళలో సన్నాయి విన్నాను. ఎంత గొప్పదైనా ఆ పాటకు దారి ఒక్కటే. ఇక్కడ నాలుగు దారులు. నాలుగూ ఒకేసారి బయల్దేరాయి. ఒకటి పైకి వెళుతుంటే ఒకటి కిందికి దిగుతోంది, ఒకటి కదలకుండా ఉంది, మగవాళ్ళ అడుగు గొంతు బల్ల చెక్కలోంచి నా అరచేతులకు తగులుతోంది. ఎవరూ ఎవరినీ తొక్కడం లేదు. పాట ముందు నుంచి వస్తున్నట్టు లేదు. పాట లోపల నన్ను కూర్చోబెట్టినట్టుంది. తెల్లవారడం గురించిన కీర్తన అది. నిజంగానే ఆ చీకటి పడే వేళ నాకు కిటికీల నిండా వెలుతురు వచ్చినట్టనిపించింది. రెండో చరణంలో నా ఎడమ పక్క నుంచి తెలిసిన గొణుగుడు ఒకటి వినిపించింది. మూడు వారాలుగా నన్ను విసిగించిన అదే మెట్టు, అదే దిగడం, అదే ఎక్కడం. దాని చోటు అక్కడ ఉంది. దాని మీద ఆనుకుని నర్సుల రాగం ఎక్కడికో వెళ్ళిపోతోంది.

దావీదయ్యకు నా ముఖం చూసి ఏదో అర్థమైనట్టుంది. పాట మధ్యలో "గ్రేసూ, మీరు ఆపండి" అన్నాడు. ఆ నలుగురూ ఆపారు. మిగతావాళ్ళు తప్పు లేకుండా పాడుతూనే ఉన్నారు, కానీ పాట బోసిపోయింది. "ఊఁ" అన్నాడు. వాళ్ళు మళ్ళీ అందుకున్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుఃఖం కాదు. ఇంత పెద్దది ఈ చిన్న ఊళ్ళో, మా సందు వెనకే ఉండిందా అన్న విస్మయం. అంతకు ముందు నాకలాంటిది తెలియదు.

ఆ తర్వాత రెండేళ్ళపాటు నేను శనివారం ఒక్కటీ వదల్లేదు. మూడో బల్ల నాదైపోయింది. మా అమ్మకు తెలిసింది, మూడు రోజులు మాట్లాడలేదు, నాలుగో రోజు "గొంతుక్కూడా మడి కడతామా ఏంది" అని తనకు తానే చెప్పుకుని ఊరుకుంది. ఊళ్ళో తిరుగుతుంటే నాకు పాట ముక్కలు ముక్కలుగా వినిపించేది. చాకలిరేవులో ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఏసురత్నం బండ మీద బాదుతూ అడుగు గొంతు పాడేవాడు, నాలుగే స్వరాలు. వార్డులో గ్రేసమ్మ రెండో గొంతు, నర్సుల రాగానికి కింద నడిచేది. ఒకసారి మా బడి పిల్లను చూడడానికి వార్డుకు వెళితే, నొప్పులు పడుతున్న ఒక ఆమె నడుము పట్టి గ్రేసమ్మ అదే గొణుగుతోంది. ఆ మనిషి దానికి తగ్గట్టు ఊపిరి తీసుకుంటోంది. చుట్టూ ఎవరికీ అది పాటని తెలియదు.

దావీదయ్య పద్ధతి చెప్పాలి. కింద గొంతు పాడేవాళ్ళను ఆయన పై రాగం ఎప్పుడూ పాడనిచ్చేవాడు కాదు. ఇంట్లో కూడా పాడకూడదు. "రాగం నోటికొస్తే దాంట్లోకి జారిపోతారు. రాగం తియ్యగా ఉంటాది గదా, ఎవురైనా జారతారు" అనేవాడు. రెండో మాట ఇంకా కఠినం. "కింద గొంతు ఇనపడిందంటే తప్పు చేసినట్టే. పై గొంతు బాగుండాదని జనం అనుకోవాల. కింద ఒకరుండారని ఎవురికీ తెలియగూడదు." మూడోది, ఒంటిగా ఎవరూ నోరు తెరవకూడదు, తక్కువలో తక్కువ రెండు గొంతులుండాలి. గ్రేసమ్మ పదిహేనేళ్ళ పిల్లగా ఆయన చేతి కిందికి వచ్చింది. పాతికేళ్ళు ఆ మూడు మాటలూ తు.చ. తప్పకుండా పాటించింది.

నేను జమ్మలమడుగు వెళ్ళిన మూడో ఎండాకాలం దావీదయ్యకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. కొండాపురం దగ్గర పల్లెలో ఉన్న కూతురు వచ్చి తీసుకుపోయింది. ఆ నెలాఖరులో ఒక బుధవారం పొద్దున కూతురి దగ్గర నుంచి మనిషి వచ్చాడు. నాయన ఆదివారం దాకా ఉండేట్టు లేడు, తెల్లవారే కీర్తన ఒక్కసారి ఇనాలంటాండాడు, అని కబురు. పాడేవాళ్ళంతా ఆసుపత్రి మనుషులే. ఆ వారమంతా కంటి ఆపరేషన్లు, ఎవరికీ కదిలే వీలు లేదు. రాత్రి డ్యూటీ దిగిన గ్రేసమ్మకు మాత్రమే ఆ రోజు ఖాళీ. "పంతులమ్మా, తోడు రా. నాకు ఒంటిగా పోబుద్ధి కాల్యా" అంది. బడికి సెలవులు. చెప్పులు వేసుకుని బయల్దేరాను.

బస్సు ఊరు దాటాక గ్రేసమ్మ కిటికీ వైపు తిరిగి మెల్లగా ఏదో పాడబోయింది, ఆపింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ ఆపింది. ఐదారుసార్లయ్యాక నా వైపు తిరిగింది. ఆమె ముఖంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు.

"నాకు రాగం రాదు పంతులమ్మా."

"ఏ రాగం?"

"ఆ పాట రాగమే. మూడు మాటలు పోయేసరికి నా గొంతు నా దారిన పోతాంది. పాతికేండ్లు పాడినా, రాగం ఎట్ల పోతాదో నోటికి రాదు. ఆయప్ప ఇనాలనింది పాట. నా కాడుండేది పాట కాదు గదా."

నాకు నవ్వొచ్చింది, ఆమె కళ్ళు చూసి మింగేశాను. నిజంగానే ఆమెకు రాదు. పాతికేళ్ళు పాడిన పాటకు రాగం తెలియని మనిషి ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటుందో లేదో. ప్రాణం పోయే మనిషి ఒక్కటే ఒక్కటి అడిగాడు, అది సగం పట్టుకుని పోతోంది తను.

"నీకొచ్చు" అంది ఉన్నట్టుండి. "రెండేండ్లు ఇన్నావు. ఇనేవాళ్ళకు పై గొంతే గదా తగులుకునేది. నువ్వు పాడు, కింద నేనుంటా."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. చిన్నప్పుడు పులివెందులలో పాట నేర్పే అయ్యవారు వారం తిరక్కుండానే "ఈ పిల్లకు కుట్లు అల్లికలు నేర్పండి" అని మా నాన్నకు చెప్పి పంపేశాడు. పైగా నేనెవరు, ఆ కీర్తన ఎవరిది. అదే చెప్పాను. "ఆయప్ప నిన్ను మూడో బల్ల మీద కూర్చోబెట్నాడు, కులం అడిగినాడా?" అంది.  బస్సులోనే మెల్లగా మొదలుపెట్టాం. నాదొకటి, ఆమెదొకటి. ముందు సీటులో మేకపిల్లను ఒళ్ళో పెట్టుకున్న పెద్దాయన కాసేపు చూసి ఉండబట్టలేక అడిగాడు. "అమ్మా, నువ్వొకటి పాడతాండావు, ఆయమ్మ ఒకటి పాడతాంది. ఎవురిది రైటు?"

"ఇద్దరిదీ రైటే మామా" అంది గ్రేసమ్మ. ఆయనకు నచ్చినట్టు లేదు.

ఆ ఇంటి ముందు నాపరాళ్ళ అరుగు, పందిరి కింద నులక మంచం. దావీదయ్య సగమైపోయాడు. మాట ముద్దగా వస్తోంది, కళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. "ఎంతమంది వచ్చినారు?" అని అడిగాడు. "ఇద్దరం నాయనా" అంది గ్రేసమ్మ. ఆయన "సాలు" అన్నాడు.

నేను మొదలుపెట్టాను. మరీ పైన అందుకున్నాను. మూడో పాదానికి గొంతు చీలిపోయింది. మంచం మీద కుడి చేతి వేలు లేచి కిందికి చూపించింది. "దిగు" అన్నాడు. రెండోసారి సరిగ్గానే మొదలైంది గానీ, పక్కన గ్రేసమ్మ గొంతు ఎంత బలంగా ఉందంటే నాకు తెలియకుండానే దానిలోకి వెళ్ళిపోయాను. ఇద్దరం ఒకటే పాడుతున్నాం. వేలు మళ్ళీ లేచింది. "జారినావు. మళ్ళీ." పోయే ప్రాణాన్ని పట్టుకుని కూడా ఒక్క తప్పును పోనివ్వని మనిషి.  గ్రేసమ్మ నా ముంజేయి పట్టుకుంది.

మూడోసారి పాట నిలబడింది. ఎలా నిలబడిందో చెబుతాను. నా గొంతు సన్నం, దానికి బలం లేదు. అయినా నేను ఏ మెట్టు మీద కాలు పెట్టబోయినా దాని కింద అప్పటికే ఇంకో గొంతు ఉంది. నేను వణికితే అది వణకలేదు. నేను తడబడితే అది ఆగి, నేను వచ్చేదాకా ఉండి, మళ్ళీ కదిలింది. రెండేళ్ళు బల్ల మీద కూర్చుని విన్నది ఒక ఎత్తు, ఆ రోజు దాని మీద నడిచింది ఒక ఎత్తు. నేను పాడడం లేదు, నన్ను పాడిస్తున్నారు. చిక్కగా, వెచ్చగా, ఎక్కడా గీత లేని గొంతు. అలాంటి గొంతు నేను అంతకు ముందు వినలేదు, తర్వాత వినలేదు. చరణాలన్నీ అయ్యేసరికి ఇరుగుపొరుగు వచ్చి పందిరి గుంజల దగ్గర నిలబడి ఉన్నారు. 

దావీదయ్య కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. "పై గొంతు పనికిరాదు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. తల తిప్పి గ్రేసమ్మను చూశాడు.

"గ్రేసూ, పాతికేండ్లు పాడిచ్చినా. నీ గొంతు ఇట్లుంటాదని నాకు తెల్దు."

"ఇనపడగూడదని నువ్వే గదా నాయనా చెప్పింది" అంది ఆమె. నిష్ఠూరం కాదు. అడిగినదానికి జవాబు చెప్పిందంతే.

ఆయన ముఖం చూడడం నా వల్ల కాలేదు. "అవును. నేనే చెప్పినా" అన్నాడు. పని చేసే చేతిని మెల్లగా ఎత్తి ఆమె తల మీద పెట్టాడు. ఎంతోసేపు తియ్యలేదు.

తిరుగు బస్సెక్కాం. జమ్మలమడుగు దగ్గరపడుతుండగా గ్రేసమ్మ అడిగింది. "పంతులమ్మా, నిజం చెప్పు. నా గొంతు ఎట్లుంటాది? నేను ఎప్పుడూ ఇనలేదు గదా, ఎప్పుడూ పక్కోళ్ళనే ఇంటి." చెప్పవలసినదంతా నా నాలుక మీదే ఉంది. కానీ నాకు లోపల మంటగా ఉంది. అంత ధైర్యం చేసి పాడితే పదిమందిలో పనికిరాదన్నాడే అని. అందుకని, "బాగుంటాదిలే అక్కా" అన్నాను, గాజులు సర్దుకుంటూ. ఆమె "ఊఁ" అని కిటికీ వైపు తిరిగింది. ఇంతకంటే చిన్నతనం నా జీవితంలో ఇంకోటి లేదు.

శనివారం దావీదయ్య పోయాడు. ఆదివారం సమాధి దగ్గర అందరూ కలిసి ఆ కీర్తనే పాడారు. నేను చెవులు రిక్కించి వెతికాను. గ్రేసమ్మ గొంతు ఎక్కడా వినిపించలేదు. అంత గొంతు పెట్టుకుని వినిపించకుండా పాడడానికి ఎంత శక్తి కావాలో నాకు ఆ రోజు తెలిసింది.

తర్వాత నాకు పెళ్ళయింది, ప్రొద్దుటూరు వచ్చేశాను, ఇక్కడే బళ్ళో పనిచేసి దిగిపోయాను. ఆమె నుంచి నాకు మిగిలింది రెండు. ఏ నలుగురు కలిసి పనిచేస్తున్నా, మెరిసేవాళ్ళను దాటి కింద ఎవరు మోస్తున్నారా అని నా కన్ను పోతుంది. రెండోది, వాళ్ళకు ఆ మాట అక్కడికక్కడే చెప్పెయ్యడం. బాగుంటాదిలే అని కాదు, ఎలా బాగుందో విడమరిచి చెబుతాను. మా కోడలు నాది అతి అంటుంది. అననీ.

గ్రేసమ్మ పోయి ఇప్పటికి చాలా ఏళ్ళు. పోయే ముందు సంవత్సరం ఒక మధ్యాహ్నం జమ్మలమడుగు వెళ్ళాను. అదే సందు, అదే వాటా, అరుగు మీద కూర్చుని ఉంది. చెవులు దాదాపు పోయాయి. పాడుతున్నావా అక్కా అని సైగ చేశాను. "మానేసినా. పక్కోళ్ళు ఇనపడకుంటే కింద గొంతు పాడేదెట్ల? నేనే పైకి తేలిపోతా" అంది, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

నేను ఆమె పక్కన కూర్చుని చెవి దగ్గర చెప్పాను. ఆ రోజు కొండాపురం కాడ నీ గొంతు ఎట్లున్నిందో చెప్తా ఇను అని. "ఏందీ?" అంది. గట్టిగా చెప్పాను. తల అడ్డంగా ఊపింది. ఇక లేచి నిలబడి, బడిలో ముప్పై ఏళ్ళు అరిచిన గొంతంతా పెట్టి చెప్పాను. "అక్కా, నీ గొంతు శానా గొప్పది. అట్లాంటిది నేను ఇంకెక్కడా ఇనలేదు. ఆ పొద్దు బస్సులో నిజం దాచిపెట్టినా. నీ గొంతు మీద నిలబడే నేను పాడినా." ఎదురింట్లో కుట్టుమిషన్ ఆగిపోయింది. ఇద్దరు ముగ్గురు గుమ్మాల్లోకి వచ్చారు. గ్రేసమ్మకు వినిపించింది. ముఖమంతా ఎర్రబడింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ చూసింది.

"మెల్లగా పంతులమ్మా. వీధంతా ఇంటాండారు."

"ఇననీ అక్కా" అని, మొదటి నుంచి ఇంకోసారి అరిచి చెప్పాను.